సొంతముగా కట్టిన కారులో కట్టుపట్టీలు

మేము ముగ్గురము. మాలో ఒకరిది జగిత్యాల. ట్రాలీలకును గేట్లకును వెల్డింగు చేయుట వృత్తి. ఒకరిది కోరుట్ల, మోటారు మెకానిక్కు. మూడవవారిది సిరిసిల్ల, తాత నాడు చేమగ్గములున్న ఇల్లు, తండ్రి నాటికి మరమగ్గముల ఇల్లైనది. గడచిన మూడేండ్లుగా, పని లేని ఆదివారములందును, పని ముగిసిన రాత్రులందును కోరుట్ల చివరనున్న ఒక రేకుల షెడ్డులో చేరి, ఒక చిన్న కారును కట్టుచున్నాము. పాత మారుతి 800 ఇంజను, అనగా మూడు సిలిండర్లు, 796 సీసీలు. దాని చుట్టు ఉక్కు గొట్టముల పంజరము. ఒకే ఒక సీటు. తలుపులు లేవు, దీపములు లేవు, హారను కూడ లేదు.

ఈ బండి రోడ్డు మీద తిరుగుటకు కాదు. రిజిస్ట్రేషను లేని బండిని రోడ్డెక్కించుట చట్టవిరుద్ధము. అట్లుండుటయే న్యాయమని మా అభిప్రాయము. దీనిని లారీ మీద ఎక్కించి, మోటారు పందెముల కొరకు ప్రత్యేకముగా నిర్మించిన ట్రాకునకు తీసికొనిపోవలెను. అక్కడ కొన్ని దినములందు రుసుము చెల్లించినవారిని తమ తమ బండ్లతో తిరుగనిత్తురు. దానిని ట్రాక్ డే అందురు. అది పందెము కాదు. గెలుపు లేదు, ఓటమి లేదు, బహుమానము లేదు. ఎదురుగా లారీ రాదు, గేదెలు అడ్డము రావు, బండి ఎంత పరుగెత్తగలదో అంత పరుగెత్తనీయవచ్చును. అంతే దాని సుఖము.

కష్టపడి సంపాదించుకొనువారికి ఈ వేడుక యెందులకని మా ఇండ్లలో అడుగనివారు లేరు. దీనికి మేము చెప్పు జవాబు ఒక పేరు: కరివర్ధన్. కోయంబత్తూరులో తరతరములుగా స్థిరపడిన తెలుగువారిలో, లక్ష్మీ మిల్లుల కుటుంబమున పుట్టినవారాయన. నూలు వడకు ఇంటివాడు ఇంజనుల వెంట పడెను. షోలవరములోని పాత విమానపు రన్‌వే మీద పందెములాడెను. అంతటితో ఆగక, విదేశముల నుండి లక్షలు పోసి కార్లు తెప్పించుకొనలేని యువకుల కొరకు, ఈ మారుతి 800 ఇంజనునే తీసికొని, ఒంటి సీటు పందెపు కారును 1980ల చివర తయారుచేసెను. ఫార్ములా మారుతి అని పేరు పొందినది అదియే. 2005లో ఫార్ములా వన్ పందెములకు ఎక్కిన మొదటి భారతీయుడు, కోయంబత్తూరు తెలుగింటి బిడ్డయే యైన నారాయణ్ కార్తికేయన్, తొలినాళ్ళలో ఆ బండిలోనే చేయి తిప్పుకొన్నవాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదమున మరణించెను. ఆయన పేరిట 2003లో కోయంబత్తూరు చెంత వెలసిన కరి మోటార్ స్పీడ్‌వేకు మా బండిని తీసికొనిపోవలెనని మా కోరిక. అది చుట్టు సుమారు రెండు కిలోమీటర్ల ట్రాకు.

ఇక అసలు సంగతికి వత్తుము. ఇంజను మ్రోగిన మొదటి రాత్రి సిరిసిల్ల మిత్రుని తల్లి షెడ్డునకు వచ్చియుండెను. బండిని ఒకమారు చుట్టి చూచి, బ్రేకు ఎక్కడని అడిగెను. చూపితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "బండి ఆగుతది సరే బిడ్డా, అండ్ల కూసున్న నువ్వెట్ల ఆగుతవ్?" అనెను. మా వద్ద జవాబు లేదు. మూడేండ్ల పనిలో ఇంజనునకు రెండేండ్లు, చక్రములకు ఆరు నెలలు పెట్టియుంటిమి. మనిషిని సీటునకు కట్టు పట్టీల విషయము చివరి వారమునకు మిగిల్చిన చిల్లరపని అనుకొంటిమి.

ఆ రాత్రియే లెక్క కట్టి చూచితిమి. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు బండి గోడకు తగిలి, ముందుభాగము నలిగి, లోపలి మనిషి అర మీటరు దూరములో ఆగెననుకొందము. అందులకు పట్టు కాలము సెకనులో సుమారు పదునాలుగవ వంతు. అంతలో 65 కిలోల మనిషిని పట్టి ఆపుటకు కావలసిన బలము దాదాపు పదమూడు క్వింటాళ్ళ బరువునకు సమానము. నలుబది కిలోల వడ్ల సంచులు ముప్పదిరెండింటిని తలచుకొనుడు. వేగము 100 అయినచో ఈ బలము రెండింతలు కాదు, నాలుగింతలగును. స్టీరింగును గట్టిగా పట్టుకొన్నచో చాలునని మాలో ఒకరు అంతవరకు నమ్మియుండిరి. ముప్పదిరెండు సంచులను ఏ చేతులు పట్టగలవు?

మామూలు కార్లలో నుండు పట్టీ భుజము మీదుగా వచ్చి నడుము మీదుగా పోవును. 1959లో వోల్వో సంస్థలో నీల్స్ బోలిన్ అను ఇంజనీరు రూపొందించిన ఈ పట్టీ లెక్కకు మిక్కిలి ప్రాణములను కాపాడినది. పరుగు బండ్లలో వాడునది వేరు. దానిని హార్నెస్ అందురు. గుర్రమునకు వేయు సరంజామాకును ఆంగ్లములో అదే పేరు. మేము ఎంచుకొన్న దానికి ఆరు పట్టీలు: రెండు భుజముల మీద, రెండు నడుమునకు ఇరువైపుల, రెండు తొడల నడుమ. ఆరును కడుపు క్రింద ఒక బకిలులో కలియును. ఒక చిన్న మీట తిప్పినచో ఆరును ఒక్కసారి ఊడిపోవును.

మా కోరుట్ల మిత్రుని అన్న దుబాయిలో ఒక గ్యారేజీలో పనిచేయుచున్నాడు. మా ప్రాంతములో అట్టి అన్న లేని ఇల్లు అరుదు. సంగతి విని, అక్కడ ఒక వాడిన హార్నెస్‌ను తన జీతములోని సొమ్ముతో కొని, ఊరికి వచ్చు మనిషి చేత పంపెను. నిగనిగలాడు ఎర్రని పట్టీలు, బరువైన బకిలు. చూచి మురిసిపోతిమి. దాని మీద కుట్టిన చిన్న చీటీని చదువుటకు రెండు దినములు పట్టెను. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, అనగా ఎఫ్‌.ఐ.ఏ., అంగీకరించిన ప్రతి హార్నెస్ మీదను ఇది ఏ సంవత్సరము దాటిన పిమ్మట చెల్లదో ముద్రించియుండును. తయారైన ఏటి తరువాత ఐదేండ్లు దాని ఆయువు. ఎస్‌.ఎఫ్‌.ఐ. అను అమెరికా ప్రమాణము ప్రకారమైనచో రెండేండ్లే. మాకు వచ్చిన దాని ఆయువు ఎప్పుడో తీరినది.

మందుల సీసా మీది తేదీ వలె ఇదియు వ్యాపారుల ఎత్తుగడ కాబోలునని మాలో వాదన జరిగెను. అన్నకేమి చెప్పవలెనను బెంగ దానికి తోడాయెను. "తమ్మీ, సరిపోయిందా?" అని ఆయన ఫోనులో రెండుమార్లు అడిగెను. "ఇంక బిగించలేదన్నా" అని మా మిత్రుడు రెండుమార్లు తప్పించుకొనెను. చివరకు సిరిసిల్ల మిత్రుని తండ్రికి చూపితిమి. ముప్పదియేండ్లు సాంచాల మీద నిలిచిన మనిషి. 2017 మొదలు కొన్నేండ్లు బతుకమ్మ చీరలు నేసినవాడు. ఆ చీరలు పాలియెస్టరు నూలు. ఈ పట్టీయు పాలియెస్టరు నూలే. ఆయన పట్టీని వెలుతురునకు పట్టి, అంచును గోటితో గీచి చూచెను. సన్నని నూగు లేచెను. ఎండ తగిలిన వైపును ఎండ తగులని వైపును మడచి ప్రక్కప్రక్కన పెట్టెను. ఒకటి ఎరుపు, ఒకటి వెలిసిన ఇటుక రంగు. "పడుగు సచ్చిపోయింది బిడ్డా" అనెను.

అదియే నిజము. సూర్యకాంతి పాలియెస్టరు పోగును లోలోపల తినివేయును. బ్యాటరీ నీరు, గాఢమైన సోడా నీరు దానికి విషము. ఒకమారు ప్రమాదములో బలముగా సాగిన పట్టీ చూపునకు బాగుగనే యుండును గాని, మరల అంత బరువును పట్టదు. వాడిన హార్నెస్‌కు జరిగినదేమో కొన్నవారికి తెలియదు, అమ్మినవారు చెప్పరు. ఆ రాత్రి మిత్రుడు అన్నకు ఫోను చేసి ఉన్నదున్నట్లు చెప్పెను. అవతల కొంతసేపు మాట లేదు. తరువాత, "మంచిది తమ్మీ, కోసెయ్యి. ఇంకెవడన్న కట్టుకుంటడు" అని వినవచ్చెను. కత్తెర తెగదు, రంపము బ్లేడుతో కోసితిమి. క్రొత్త దానిని కొనుటకు మరి ఏడు నెలలు పట్టెను.

సిరిసిల్లలో మగ్గములుండగా పట్టీని మనమే నేయరాదా యని వినువారికి తోచవచ్చును. మాకును తోచెను. పెద్దాయన నవ్వి, మా మగ్గములు వెడల్పు గుడ్డకు. ఇది ఇరుకు మగ్గము పని, నేత తరువాత వేడిలో సాగదీసి నిలుపవలెను, కుట్టు వేరొక విద్య, బకిలు మరియొక విద్య అని చెప్పెను. అన్నిటికంటె ముఖ్యముగా, నేసిన దానిని తెగువరకు లాగి చూచు యంత్రము మా వద్ద లేదు. ప్రాణమునకు కట్టు గుడ్డను నమ్మకము మీద నేయరాదు.

అయినను ఆయన నేత జ్ఞానమే మాకు బిగింపు విద్యను నేర్పినది. పట్టీ బలము పేకలో లేదు, పడుగులో నున్నది. నిలువుగా పోవు వందలాది పోగులు ఒక్కసారి, సమముగా లాగినప్పుడే దాని మీద వ్రాసిన బలము దానికుండును. పట్టీ మెలిపడినను, ఏటవాలుగా వంగినను, గుడ్డ యంతయు ఒక అంచునకు జరిగి కుప్పపడును. అప్పుడు బరువంతయు ఆ అంచు పోగులపై పడును. అవి తెగును, తరువాతి పోగులు తెగును, కాగితము చిరిగినట్లు పట్టీ అంతయు పోవును. 2001 ఫిబ్రవరి 18న అమెరికాలోని డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ అను ప్రసిద్ధ డ్రైవరు మరణించినప్పుడు ఆయన ఎడమ నడుము పట్టీ తెగియుండెను. ఆ ఏటి విచారణ నివేదిక, పట్టీ తన బిగింపు కొక్కెములో ఒక ప్రక్కకు జరిగి చిరిగినదని చెప్పెను. ఆ నిర్ణయముపై వాదములు లేకపోలేదు. కాని ఆ ప్రమాదము కథ చెప్పగా విని, మా పెద్దాయన, చూడకయే, "అంచు మీద పడి ఉంటది" అనెను.

అందువలన ప్రతి పట్టీ చివరనున్న ఇనుప పలకను, లాగు దిశకు సరిగా తిరిగి నిలుచునట్లు అమర్చితిమి. పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినికి ఒక దారమును, ఒక నట్టును వ్రేలాడదీసి కోణములు చూచుకొంటిమి. మా వద్దనున్న కొలత పరికరములలో ఎక్కువగా పనికివచ్చినది అదియే.

భుజముల పట్టీల వద్ద మేము చేసిన తప్పు చెప్పవలెను. సీటు వెనుక, నేల గొట్టమునకు వానిని బిగించితిమి. గట్టి గొట్టము, మంచి వెల్డింగు. చూచుటకు ముచ్చటగా నుండెను. మాలో ఒకరు కూర్చుండి పట్టీలు కట్టుకొనగా, మిగిలిన ఇద్దరము వెనుకనుండి పట్టీలను మా బరువుతో క్రిందికి లాగితిమి. కూర్చున్నవారు అబ్బా యని అరచిరి. పట్టీ వారిని వెనుకకు లాగుటలేదు. భుజములను నేలకు అణచుచున్నది. బండి గుద్దుకొన్నప్పుడు, మనిషి ముందుకు పోవు బలమంతయు ఆ విధముగా వెన్నెముకను నిలువుగా నొక్కును. ఆపవలసిన పట్టీయే నడుము విరుచును. మరియొక దోషము: పొడవైన పట్టీ ఎక్కువ సాగును. సీటు వెనుక అంత పొడవు వదలినచో తల స్టీరింగునకు తగులు వరకు అది సాగవచ్చును.

ఆ వెల్డింగును కోయుట జగిత్యాల మిత్రునికి మనసొప్పలేదు. అయినను కోసిరి. భుజముల ఎత్తున, సీటు వెనుక పంజరమునకు అడ్డముగా ఒక గొట్టమును వేసితిమి. ఇంజనీరింగు విద్యార్థులు కట్టు ఫార్ములా కార్ల నియమముల ప్రకారము, భుజపు పట్టీ వెనుకకు పోవునప్పుడు సమతలమునకు పైన పది డిగ్రీలు, క్రింద ఇరువది డిగ్రీలు మించరాదు. మాది ఐదు డిగ్రీలు క్రిందికి వచ్చెను. రెండు పట్టీల నడుమ దూరము జానెడు. అంతకంటె ఎడమైనచో భుజముల మీదినుండి జారును, దగ్గరైనచో మెడను కోయును.

నడుము పట్టీ సంగతి ఇంతకంటె సూక్ష్మమైనది. అది కడుపు మీద నుండరాదు. తుంటి ఎముకల మీద, తొడలు మొదలగు చోట నుండవలెను. కడుపులో ఎముక లేదు. ముప్పదిరెండు సంచులు కడుపు మీద పడినచో ఏమగునో చెప్పనక్కరలేదు. నిటారుగా కూర్చుండువానికి ఈ పట్టీ నేలతో 45 నుండి 65 డిగ్రీల కోణమున క్రిందికి, వెనుకకు పోవలెను. తొడల నడుమ పట్టీలు ఉన్నది దీని కొరకే: భుజపు పట్టీలు బకిలును పైకి లాగకుండ, మనిషి నడుము పట్టీ క్రిందినుండి ముందుకు జారిపోకుండ. నాలుగు పట్టీలు చాలును, ఆ రెండు ఇబ్బందియని కొందరు తీసివేయుదురు. అది మెడలో తాళము వేసి తలుపు తీసిపెట్టినట్లుండును.

బోల్టుల మాట క్లుప్తముగా. పట్టీల బోల్టులు అంగుళములో పదహారింట ఏడు వంతుల లావు, సన్న మరలు. రేకునకు తూటు పొడిచి బిగించినచో రేకు చిరిగి బోల్టు ఊడివచ్చును. అందువలన రేకు వెనుక మూడు మిల్లీమీటర్ల మందము, నలుబది చదరపు సెంటీమీటర్ల వైశాల్యము గల ఉక్కు పలకకు తక్కువ కాకుండ వేయవలెనని ఎఫ్‌.ఐ.ఏ. నియమము. భుజ, నడుము పట్టీల బిగింపు ఒక్కొక్కటి 1470 కిలోల బరువునకు కొంచెము ఎక్కువయైన లాగుడును తట్టుకొనవలెను. బజారులో తలపై ఏ అంకెయు లేని బోల్టులు అగ్గువకు దొరకును. వానిని మంచము కాళ్ళకు వాడుకొనవచ్చును.

ఇంత చెప్పినందువలన, ఇంటి కార్లకు ఇట్టి హార్నెస్ వేయింతుమని ఏ యువకుడైన లేచునేమోయని మాకు భయము. వేయింపవలదు. పల్టీ కొట్టిన బండిలో పైకప్పు క్రుంగును. మామూలు పట్టీ కట్టుకొన్నవాడు ప్రక్కకు ఒరుగగలడు. హార్నెస్ కట్టుకొన్నవాడు కొయ్యవలె నిటారుగా ఇరుకుకొనును. పైన ఉక్కు పంజరము లేని బండికి హార్నెస్ తగదు. ఇంటి కారులో ఉన్న పట్టీని, ముందు సీటులోనే కాదు, వెనుక సీటులోను కట్టుకొనుడు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిన దుర్దినము మా జగిత్యాల వైపు ఏ ఇంటను మరువబడలేదు. ఆ బస్సునకును మా ఆటబండికిని పోలిక లేదు. కాని ఆ దినమునుండి, వేగము మాట వచ్చినప్పుడు మా ఇండ్లలో పెద్దవారు ఎందుకు మౌనముగా నుందురో మాకు తెలియును.

పట్టీలు మొండెమును ఆపును, తలను ఆపలేవు. దానికి మెడచుట్టు భుజములపై కూర్చుండు పట్టెడ ఒకటి కలదు. శిరస్త్రాణమును దానికి రెండు చిన్న పట్టీలతో కట్టుదురు. హ్యాన్స్ అందురు. ఎర్న్‌హార్ట్ మరణించిన ఏడే అమెరికాలోని ఆ పందెములలో తలపట్టు తప్పనిసరి చేసిరి. ధర ఎక్కువ. క్రొత్త టైర్లకు దాచిన సొమ్ము దానికి పోయెను. అరిగిన టైర్లతో నెమ్మదిగా తిరుగుదుము.

చివరగా మిగిలినది బయటపడుట. కట్టుకొనుట ఎంత ముఖ్యమో, నిప్పంటుకొన్నప్పుడు ఊడదీసికొనుట అంత ముఖ్యము. విద్యార్థుల పందెములలో డ్రైవరు ఐదు సెకన్లలో బండి దిగవలెనని నియమము. చేతి తొడుగులు వేసికొని, శిరస్త్రాణము పెట్టుకొని, కండ్లు మూసికొని మేము సాధన చేసితిమి. సిరిసిల్ల తల్లి స్టూలు మీద కూర్చుండి, ఫోనులోని గడియారము చూచి లెక్కించెను. మొదటిమారు మా మిత్రునికి పదునాలుగు సెకన్లు పట్టెను. బకిలు మీట కుడివైపున నుండగా చేయి ఎడమవైపు వెదకెను. "కాలిపోయినవ్ బిడ్డా, మల్ల కూసో" అనెను ఆమె. పదునెనిమిదవ మారు ఐదు సెకన్ల లోపల వచ్చెను. ఆమె అంతటితో లేవలేదు. మిగిలిన ఇద్దరిని కూడ కూర్చుండబెట్టెను.

చలికాలములో కోయంబత్తూరు పోవలెనని యున్నది. లారీ మాట్లాడితిమి. ఎండ తగులకుండ పట్టీలను పాత చీర ముక్కతో చుట్టి పెట్టితిమి. వాని చీటీ మీదనున్న చివరి సంవత్సరమును షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో వ్రాసితిమి. వాన జల్లునకు చెరిగినప్పుడెల్ల మరల వ్రాయుచున్నాము.